కొత్త కారుకు ప్రీమియం ఎందుకు మారుతుంది? కొటేషన్ చదివే పద్ధతి

కారు ఇన్సూరెన్స్ కొటేషన్ చేతికి రాగానే అందరి చూపూ అట్టడుగున ఉన్న మొత్తం మీదికే పోతుంది. అది చూసి గుండె గుభేలుమని నాకు ఫోన్ చేస్తారు. విశాఖ అక్కయ్యపాలెంలో ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఉన్నందుకు ఈ ఫోన్లు నాకు అలవాటే. దసరా దగ్గర పడే కొద్దీ మరీ ఎక్కువ. ఈ మధ్య మద్దిలపాలెం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. తొమ్మిదేళ్ల చిన్న కారు అమ్మేసి కొత్తది బుక్ చేశారు. "పాతదానికి ఆరు వేల చిల్లర కట్టేవాణ్నమ్మా. దీనికి ముప్పై నాలుగు వేలట. ఇదేం అన్యాయం?" అన్నారు. ఆ కాగితంలో అన్యాయం కొంత ఉన్న మాట నిజమే కానీ, ఆయన అనుకున్న చోట లేదు. అందుకే ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని, గడి గడిగా చెబుతాను.

ముందుగా తెలుసుకోవలసింది, ఆ మొత్తం ఒకే రేటు నుంచి రాలేదని. ఎదుటివారికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ, మన కారుకు జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్, అందరూ ఓడీ అనేది, మనం కోరి తీసుకునే యాడ్-ఆన్‌లు, వీటన్నిటి పైన 18 శాతం జీఎస్టీ. కారు మారినప్పుడు వీటిలో ఒక్కొక్కటి ఒక్కో కారణంతో మారుతుంది. ఏది ఎందుకు మారిందో విడదీసి చూసుకుంటే బేరం ఎక్కడ ఆడాలో తెలుస్తుంది.

థర్డ్ పార్టీలో బేరానికి తావు లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అది తప్పనిసరి. రేటు కూడా కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, కాబట్టి ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే. దీనికి కారు ధరతో గానీ వయసుతో గానీ పని లేదు, ఇంజిన్ సామర్థ్యమే కొలత. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు కారుకు రూ.2,094, 1000 నుంచి 1500 సీసీ దాకా రూ.3,416, అది దాటితే రూ.7,897. చివరి రెండింటి మధ్య తేడా చూశారా? 1199 సీసీ నుంచి 1498 సీసీకి మారితే థర్డ్ పార్టీలో పైసా తేడా రాదు. 1500 గీత దాటితే మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ. ఎలక్ట్రిక్ కార్లకు సీసీ బదులు కిలోవాట్లు చూస్తారు, ఆ రేట్లలో 15 శాతం రాయితీ ఉంది.

మరి మాస్టారి కాగితంలో ఈ గడిలో రూ.10,640 ఎందుకుంది? సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొనేవారు మూడేళ్ల థర్డ్ పార్టీని ఒకేసారి తీసుకోవాలి. పాత కారుకు ఏటా కట్టే చోట కొత్తదానికి మూడేళ్లది ముందే కట్టాం, అంతే. పాత బిల్లును, కొత్త బిల్లును పక్కపక్కన పెట్టి చూసేవారు తరచుగా మరిచిపోయేది ఇదే. వచ్చే రెండు రెన్యువల్స్‌లో ఈ గడి ఖాళీగా ఉంటుంది, ఓడీ మాత్రమే కడితే చాలు.

ఇక ఓడీ. అసలు పెరుగుదల ఇక్కడే. దీనికి మూలం ఐడీవీ, అంటే కారు మొత్తానికే పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ విలువ. కారు తయారీదారు ప్రకటించిన అమ్మకం ధర నుంచి వయసును బట్టి తరుగు తీసేస్తారు: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50. అయిదేళ్లు దాటితే మీరూ ఇన్సూరెన్స్ కంపెనీ కలిసి ఒక విలువకు రావాలి. పది లక్షల కారుకు మొదటి రోజు ఐడీవీ తొమ్మిదిన్నర లక్షలు. రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులోకి రావు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగాక షోరూం ధరలు తగ్గాయి కదా, ఐడీవీ ఆ తగ్గిన ధర మీదే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక తమాషా ఉంది. శాతం లెక్కన చూస్తే కొత్త కారుకే రేటు తక్కువ. 2007లో ఓడీ ధరల మీద నియంత్రణ ఎత్తేశారు గానీ, అంతకుముందు ఉన్న టారిఫ్ రేట్లే చాలా కొటేషన్లకు ఇప్పటికీ పునాది, వాటి మీద కంపెనీలు తమ డిస్కౌంటు తీస్తాయి. ఆ టారిఫ్‌లో 1000–1500 సీసీ కారుకు మన దగ్గర అయిదేళ్ల లోపు 3.191 శాతం, అయిదు దాటితే 3.351 శాతం. కొత్త కారును కంపెనీలు శిక్షించడం లేదన్నమాట, రేటును హెచ్చవేసే విలువ పెద్దదైంది.

లెక్క వేద్దాం. మాస్టారి పాత కారు ఐడీవీ రెండు లక్షలు. దానికి 3.351 శాతం అంటే రూ.6,702. కంపెనీ 40 శాతం తగ్గించిందనుకుంటే రూ.4,021. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ఓడీలో ఇచ్చే రాయితీ, 50 శాతం పోగా సుమారు రూ.2,011. థర్డ్ పార్టీ రూ.3,416, జీఎస్టీ కలిపితే రూ.6,404. ఆయన చెప్పిన ఆరు వేల చిల్లర ఇదే. కొత్తదానికి తొమ్మిదిన్నర లక్షల మీద 3.191 శాతం అంటే రూ.30,315. అదే 40 శాతం తగ్గిస్తే రూ.18,189. మూడేళ్ల థర్డ్ పార్టీ రూ.10,640, జీఎస్టీ కలిపి రూ.34,018. యాడ్-ఆన్‌లు ఇంకా లెక్కలోకి రానే లేదు.

"మాస్టారూ, పాత కారుకు ఎప్పుడైనా క్లెయిమ్ పెట్టారా?"

"లేదమ్మా. ఒకసారి గేటు గీసుకుంది, నేనే బాగు చేయించుకున్నాను."

"మరి ఈ కాగితంలో బోనస్ గడి సున్నా ఉందేమిటి?"

"అది పాత కారుది కదా? కారుతోపాటే అనకాపల్లి పోయిందనుకున్నాను."

పోలేదు. బోనస్ కారుది కాదు, యజమానిది. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. కారు కొన్న అనకాపల్లి ఆసామికి అందులో హక్కు లేదు. మాస్టారి కొత్త కారు ఓడీకి ఆ 50 శాతం వేస్తే రూ.18,189 కాస్తా రూ.9,094 అవుతుంది. జీఎస్టీతో కలిపి మొత్తం రూ.23,286. అంటే దాదాపు పది వేల ఏడు వందల రూపాయలు ఒక్క ఖాళీ గడిలో పోబోయాయి. షోరూం కుర్రవాడు అడగలేదు, ఈయన చెప్పలేదు. అన్యాయం కొంత ఉందన్నది దీని గురించే.

ఈ బోనస్‌ను కాపాడుకునే పద్ధతి కష్టమైనది కాదు, వేళకు చేయాలంతే. పాత కారు అమ్మగానే సంతకాలు చేసిన యాజమాన్య బదిలీ ఫారాలు 29, 30 నకళ్లు, కొత్త యజమాని పేరుకు మారిన ఆర్‌సీ నకలు తీసి ఉంచుకోండి. అమ్మకానికి రుజువుగా వాటిని పాత ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) రిజర్వేషన్ లెటర్ కావాలని అడగండి. కొందరు దీన్నే రిటెన్షన్ లెటర్ అంటారు. అది మూడేళ్ల దాకా చెల్లుతుంది. కొత్త పాలసీ వేరే కంపెనీలో తీసుకున్నా పనిచేస్తుంది. పాత కారు అమ్మకుండా ఇంట్లో ఇంకొకరికి ఉంచుకుంటే మాత్రం ఒకే బోనస్‌ను రెండు కార్లకూ వాడుకోవడం కుదరదు. క్లెయిమ్ తీసుకుని కూడా బోనస్ ఉందని రాసేస్తే ఏమవుతుందని అడిగేవారూ ఉన్నారు. కంపెనీలు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకుంటాయి. అబద్ధం బయటపడ్డ రోజు ఓడీ క్లెయిమ్ మొత్తానికే ఎసరు వస్తుంది. ఆ దారి పట్టకండి.

జోన్ సంగతి చిన్నదే. ఓడీ రేట్లకు ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్, పుణె ఎ జోన్, మిగిలిన దేశమంతా బి జోన్. విశాఖ ఎంత పెరిగినా వారి పుస్తకంలో మనం ఇంకా బి లోనే ఉన్నాం. ఈ ఒక్క చిన్నచూపు మనకు లాభం, ఎ జోన్‌లో ఇదే కారుకు 3.283 శాతం. హైదరాబాద్ రిజిస్ట్రేషన్ ఉన్న కారు కొని తెచ్చుకుంటే ఈ తేడా మీ కొటేషన్‌లో కనబడుతుంది.

యాడ్-ఆన్‌ల దగ్గర నా అభిప్రాయాలు కొంచెం గట్టివి. కొత్త కారుకు జీరో డిప్రిసియేషన్ తీసుకోండి. విడిభాగాలకు తరుగు తీయకుండా డబ్బిచ్చే యాడ్-ఆన్ ఇది, బంపర్ టు బంపర్ అని పిలిచేది ఇదే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు కారు ఎంత కొత్తదైనా సగం తరుగు తీస్తారు. ఎన్‌ఏడీ జంక్షన్‌లో వెనక నుంచి ఆటో తగిలి మీ బంపరు పగిలిందనుకోండి. సెన్సార్లు, కెమెరా ఉన్న కొత్త తరం బంపరు మార్చడం పాత కారుకు రేకు సరిచేయించుకున్నంత చవక కాదు. ప్లాస్టిక్ భాగం పన్నెండు వేలయితే కంపెనీ ఆరు వేలే ఇస్తుంది, పెయింటులో కొంత, పైన తప్పనిసరి మినహాయింపు, అంటే క్లెయిమ్‌లో ఎలాగూ మీరే భరించాల్సిన వెయ్యి, మీ జేబులోంచి. ఇనుప భాగాలకు మాత్రం మొదటి ఆరు నెలలు తరుగు లేదు, అద్దాలకు ఎప్పుడూ లేదు. ఇంతకు ముందు తొమ్మిదేళ్ల కారు నడిపినవారికి ఈ యాడ్-ఆన్ కొత్తగా కనబడడానికి కారణం, అయిదేళ్లు దాటిన కార్లకు చాలా కంపెనీలు దాన్ని ఇవ్వకపోవడమే.

ఇంజిన్ ప్రొటెక్ట్ గురించి విశాఖలో ఉన్నవారికి వేరే చెప్పాలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కార్ల మీద కూలిన చెట్ల నష్టం ఓడీ ఉన్నవారికి వర్తించే సంగతే, తుపాను, వరద అందులో భాగం. ఒట్టి థర్డ్ పార్టీతో తిరిగేవారికి మాత్రం దాని నుంచి రూపాయి రాదు. అయితే జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచినప్పుడు కారు ఆగిపోయి, మళ్లీ తాళం తిప్పి ఇంజిన్‌లోకి నీళ్లు లాగితే, అది తుపాను నష్టం కిందికి రాదంటారు నష్టం లెక్కగట్టే సర్వేయర్లు. ఆ ఖర్చు ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంటేనే వస్తుంది. ఉన్నా సరే, నీళ్లలో ఆగిన కారును స్టార్ట్ చేయకండి, తోయించండి. ఉప్పుగాలికి పట్టే తుప్పును మాత్రం ఏ యాడ్-ఆనూ కాయదు, ఎంవీపీ కాలనీలో సముద్రం దగ్గర ఉండేవారు కారు కింది భాగాన్ని మంచినీళ్లతో కడిగించుకోవడమే.

రిటర్న్ టు ఇన్వాయిస్ మొదటి రెండు మూడేళ్లు బాగుంటుంది, కారు దొంగల పాలైతే ఐడీవీ బదులు బిల్లు ధర వస్తుంది. తాళం పోతే, సామాను పోతే అని ఇచ్చే చిన్నాచితకవి నేనైతే కొట్టేస్తాను. స్వచ్ఛంద మినహాయింపు పెట్టుకుంటే తగ్గిస్తామంటే కూడా తొందరపడకండి. పాత టారిఫ్ ప్రకారం రూ.2,500 మీరు భరించడానికి ఒప్పుకుంటే వచ్చే రాయితీ గరిష్ఠంగా రూ.750. యజమాని ప్రమాద బీమా పదిహేను లక్షలది మీకు ఇప్పటికే ఉంటే, ఆ మాట రాసిచ్చి కొటేషన్‌లోంచి దాన్ని తీయించవచ్చు. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయటి కొటేషన్ చూపిస్తే వాళ్ల డిస్కౌంటు శాతం ఎలా కదులుతుందో చూడండి.

కొత్తది కాక మూడేళ్ల సెకండ్ హ్యాండ్ కారుకు మారేవారికి వేరే జాగ్రత్త కావాలి. థర్డ్ పార్టీ చెల్లుబాటులో ఉన్నా ఓడీ గడువు ఏడాది ముందే ముగిసిపోయి ఉండవచ్చు. పాలసీ చూపించారని ఊరుకోకుండా రెండు తేదీలూ విడివిడిగా చదవండి. కొన్న 14 రోజుల్లోపు పాలసీని మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ కొనుగోలుతోనే మీకు బదిలీ అయినట్టు చట్టం భావిస్తుంది, ఓడీకి ఆ సౌకర్యం లేదు. పాత యజమాని బోనస్ మీకు రాదు కాబట్టి మిగిలిన గడువుకు ఆ తేడా కట్టమంటారు. మీకే సొంత బోనస్ లెటర్ ఉంటే అది చూపించండి.

డెలివరీ రోజున అందరూ నేరుగా సంపత్ వినాయక గుడికి, నిమ్మకాయలు తొక్కించడానికి వెళ్తారు. షోరూం గేటు దాటకముందే పాలసీ మొదలయ్యే తేదీ, సమయం చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్నవాటితో సరిపోవాలి. అప్పు తీసుకుంటే బ్యాంకు పేరు, ఐడీవీ, బోనస్ శాతం కాగితం మీద ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాక దాన్ని కంపెనీకి పంపి పాలసీలో ఎండార్స్ చేయించండి. మాస్టారు ఇంకా అంతదాకా రాలేదు, ముందు ఎన్‌సీబీ లెటర్ రావాలి.