అన్నం తగ్గించి ఒంటి కొవ్వు కరిగించుకోవడం ఎలా

అన్నం మానేసి నెయ్యి బాగా తింటే చాలని కొందరంటారు, కానీ నెయ్యి ఎక్కువ తిన్నంత మాత్రాన ఒంట్లో కొవ్వు కరగదు. పిండిపదార్థం తగ్గితే కొవ్వును దాచిపెట్టించే ఇన్సులిన్ హార్మోను తగ్గుతుంది, దాచుకున్న కొవ్వు బయటికి రావడం సులువవుతుంది, చాలామందికి ఆకలి కూడా అణుగుతుంది. అయితే కావాల్సిన శక్తంతా కంచంలోని నూనే ఇచ్చేస్తే శరీరం పొట్ట కొవ్వు జోలికి పోదు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు వెలువరించిన అధ్యయనంలో 609 మందిని ఏడాదిపాటు చూశారు. పిండిపదార్థం తగ్గించినవాళ్లూ, కొవ్వు తగ్గించినవాళ్లూ దాదాపు ఒకేలా తగ్గారు. కాబట్టి అన్నం మానితే ఆకలి నిలకడగా ఉండేవాళ్లకే ఈ దారి.

ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లు దీన్ని అస్సలు వదలకూడదు. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు చాలామందికి ముదిరాకే తెలుస్తోంది. తేడా ఉంటే మొదలుపెట్టొద్దు. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు డోసు మార్చుకోకుండా అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవాళ్లకు కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) భయం ఉంది. వీళ్లంతా డాక్టరుతో మాట్లాడాకే మొదలెట్టాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది వద్దు.

పీచును లెక్కలోంచి తీసేస్తే రోజుకు 50 గ్రాముల పిండిపదార్థం మించకూడదు. వండిన అన్నం 100 గ్రాముల్లోనే 28 గ్రాములుంటుంది, అంటే 250 గ్రాముల కంచానికి 70. చోడి (రాగి) అంబలి మంచి తిండే, కానీ 50 గ్రాముల చోడిపిండికే 35 గ్రాములదాకా పోతుంది. కంద, పెండలం, పనస తొనలు పక్కన పెట్టండి. పలాస జీడిపప్పు 30 గ్రాములు తింటే 8 గ్రాములు వస్తుంది, కాబట్టి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. పచ్చికొబ్బరి నయం: 50 గ్రాముల్లో కొవ్వు 17, పిండిపదార్థం 3.

70 కిలోల మనిషికి ఉదయం మూడు గుడ్లు, మధ్యాహ్నం 150 గ్రాముల చేప, రాత్రి ఎముక లేని కోడిమాంసం 150 గ్రాములు తింటే ప్రొటీన్ 80 గ్రాములదాకా అందుతుంది. మాంసం తిననివాళ్లకు పనీరు, పెరుగు. వీటితో ఆనపకాయ, బీర, తోటకూర, గోంగూర, వంకాయ కలిపి 400 గ్రాములు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె రోజంతటికీ మూడు నాలుగు పెద్ద చెంచాలు, అంతే. ఒక్కో చెంచాకు 120 కేలరీలు.

చేపల పులుసుకు అరకిలో చేపకు నిమ్మకాయంత చింతపండు చాలు, బెల్లం వేయొద్దు. అన్నం బదులు క్యాబేజీ సన్నగా తురిమి, మూత పెట్టకుండా పెద్దమంట మీద మూడు నిమిషాలు వేయించండి. ఉప్పు దించేముందు వేయాలి. ముందే వేస్తే నీరు ఊరి ముద్దయిపోతుంది, పులుసు పట్టదు. చేప వేపుడుకు మైదా, కార్న్‌ఫ్లోర్ పట్టించొద్దు. మజ్జిగపులుసులో శనగపిండి కూడా లెక్కలోకే వస్తుంది.

మొదటి వారం తగ్గే కిలో రెండు కిలోలు ఎక్కువగా నీరే. కండల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్ గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది కరిగితే నీరూ పోతుంది. దాంతోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి రెండు మూడు రోజులకు తలనొప్పి, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. నీరసం అనుకుని అన్నం తినేసేది ఎక్కువగా ఇక్కడే. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ రెండు గ్లాసులు తాగితే చాలామందికి సర్దుకుంటుంది. బీపీ మందు వేసుకునేవాళ్లు మాత్రం ఉప్పు పెంచేముందు డాక్టరును అడగాలి.

వారానికోసారి పొద్దున్నే బరువు చూసుకోండి, బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. మూడు వారాలైనా టేపు కదలకపోతే ఒక చెంచా నూనె, కొబ్బరి ముక్కలు తగ్గించండి. మూడు నెలలకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పరీక్ష చేయించుకోండి. బాగా పెరిగితే నెయ్యి, కొబ్బరి నూనె తగ్గించి చూడాలి. అనుకున్న కొలతకు వచ్చాక అన్నం మధ్యాహ్నం పూట 50 గ్రాములతో తిరిగి మొదలెట్టి, టేపు చూసుకుంటూ వారానికి మరో 50 చొప్పున పెంచండి.