క్రూయెల్ ఊలుతో లెక్క కుట్టు: దారం సన్నబడితే, బట్ట ముడుచుకుంటే

జానపద డిజైన్లను పోగులు లెక్కపెట్టి కుట్టేటప్పుడు క్రూయెల్ ఊలు (ఎంబ్రాయిడరీకి వాడే సన్నటి ఊలు దారం) ఇచ్చే నిండుదనం కాటన్ దారానికి రాదు. ఇబ్బంది పెడుతోందని దాన్ని పక్కన పడేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చాలాసార్లు తప్పు ఊలుది కాదు, బట్ట రంధ్రానికీ దారం లావుకీ పొత్తు కుదరకపోవడమే.

దారం సన్నబడి పుటుక్కున తెగుతోంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. ఊలు మీద నూగు ఉంటుంది. బట్టలోంచి దూరిన ప్రతిసారీ అది రాసుకుని కొంత ఊడిపోతుంది. పొడుగు దారం తీసుకుంటే తోక భాగం ఎక్కువసార్లు దూరి అరిగిపోతుంది. అందుకే 45 సెంటీమీటర్లకు మించి తీసుకోకండి.

తర్వాత సూది చూడండి. మొన మొద్దుగా, బెజ్జం పొడుగ్గా ఉండే టేపెస్ట్రీ సూది కావాలి. 28 కౌంట్ లినెన్ (అంటే అంగుళానికి 28 పోగులుండే బట్ట) మీద రెండేసి పోగులు లెక్కపెట్టి కుడుతుంటే నేను 22 నంబరు వాడతాను. నంబరు తగ్గేకొద్దీ సూది లావవుతుంది. లావు సూది దారికి చోటు చేస్తే దారం ఒరుసుకోకుండా వెళ్తుంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. దారాన్ని రెండు వేళ్ల మధ్య ఇటూ అటూ లాగి చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. సూది దగ్గర నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉండేలా ఎక్కించండి.

కాటన్ దారం ఆరు పోగుల్ని విడదీసే అలవాటుతో దీన్నీ విప్పకండి. క్రూయెల్ ఊలు సాధారణంగా రెండు పేటలు పేనిన దారం, విడదీస్తే బలం ఉండదు.

బట్ట కనిపిస్తోంది, లేదా కుట్టు గట్టిగా ఉబ్బింది

మొదటిదానికి దారం చాలలేదు, రెండోదానికి ఎక్కువైంది. 28 కౌంట్ మీద రెండేసి పోగులకు ఒక దారం, 20 కౌంట్‌కు రెండు దారాలతో మొదలుపెట్టి, రెండు సెంటీమీటర్ల చదరం కుట్టి చూడండి. రంగును బట్టి కూడా దారం లావు కొంచెం మారుతుంది కాబట్టి ముదురు రంగునూ విడిగా చూడాలి.

ఫ్రేమ్ తీయగానే బట్ట ముడుచుకుంది

ఊలు సాగుతుంది. బిగించి లాగితే అప్పటికి బాగానే కనిపించి, తర్వాత వెనక్కి ముడుచుకుంటూ బట్టనూ లాగేస్తుంది. ఇస్త్రీతో ఇది పూర్తిగా పోదు. విప్పి, దారం బట్టమీద ఆనేంతే లాగి మళ్లీ కుట్టండి. విప్పిన ఊలు మళ్లీ పనికిరాదు.

నూగు కప్పేసి రంధ్రాలు కనిపించట్లేదు, లెక్క తప్పుతోంది

ఖాళీ రంధ్రంలోంచి పైకి రండి, ఇప్పటికే దారం ఉన్న రంధ్రంలోకి దిగండి. అప్పుడు నూగు వెనక్కి పోతుంది, పక్క కుట్టూ చీలదు.

ఉతికితే రంగు దిగింది

తెల్ల లినెన్ మీద ఎరుపు పాకి నా పని మూడు వారాలది పాడైంది. అప్పటినుంచి ప్రతి ముదురు రంగు దారాన్నీ ముందే తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూస్తున్నాను. మరక పడితే ఉతకాల్సిన పనికి ఆ రంగు వద్దు. ఉతికేటప్పుడు చల్లటి నీళ్లు, తేలికైన సబ్బు వాడండి, రుద్దకండి. ఆరాక మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి, వెనకవైపు నుంచి ఆవిరి పట్టండి.