రివ్యూకి ఇచ్చిన పట్టుచీర తిరిగి షాపుకి రావాలంటే

బరంపురం పట్టుచీర ఒక మంచి వీడియోలో కనబడితే మన బరంపురం షాపుల్లో ఫోన్లు మోగుతాయి. అందుకే ఇచ్ఛాపురం, సోంపేట, విశాఖ వైపు నుంచి ఛానెల్ నడిపే అమ్మాయిలు "అక్కా, రెండు చీరలు పంపండి, కట్టి చూపించి ఇచ్చేస్తాం" అంటే నేను కాదనను. కానీ ఫోడా కుంభ (గుడి గోపురం ఆకారాల) అంచు చీర కోసం నేతగాడు రోజుల తరబడి మగ్గం గుంటలో కూర్చుంటాడు. అలాంటి చీరను మొహమాటానికి వదిలేసుకోవడం అతనికి చేసే అన్యాయమని నా నమ్మకం.

చీర తిరిగొచ్చేదీ రానిదీ చాలావరకు ఇచ్చే రోజే తేలిపోతుంది. బిల్లు వేయకండి, డెలివరీ చలాను (అమ్మకుండా సరుకు పంపినప్పుడు రాసే కాగితం) రాయండి. అమ్మకం కాని సరుకు బయటికి వెళ్లాలంటే జీఎస్టీలో 55వ రూలు కింద చలాను ఉండాలి. మూడు కాపీలు: తీసుకునేవాళ్లకు ఒకటి, రవాణా వాళ్లకు ఒకటి, మనకు ఒకటి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా తీయాలి. చలానులో "రివ్యూ కోసం మాత్రమే, అమ్మకం కాదు" అని తెలుగులో కూడా రాయండి. చీర ధర, తిరుగు కొరియర్ ఖర్చు ఎవరిదో, వాపసు తేదీ తప్పకుండా ఉండాలి.

ఆ తేదీ దగ్గరే చాలామంది జారిపోతారు. "వీడియో పెట్టాక ఇవ్వండి" అని రాస్తే వీడియో ఎప్పటికీ ఎడిటింగ్‌లోనే ఉంటుంది. పైగా చీరను, వాళ్ల అభిప్రాయాన్ని ఒకే ముడి వేసినట్టవుతుంది. రేపు వాళ్లు "జరీ పలచగా ఉంది" అన్నారనుకోండి, అప్పుడు చీర అడిగితే కక్ష తీర్చుకుంటున్నట్టు కనబడుతుంది. అందుకే క్యాలెండర్ తేదీ వేయండి. వీడియో వచ్చినా రాకున్నా, పొగిడినా తిట్టినా, చీర ఆ రోజుకి రావాలి.

ప్యాక్ చేసే ముందు పల్లూ, రెండు అంచులు, కత్తిరించని జాకెట్టు ముక్క, సిల్క్ మార్క్ లేబుల్ (అసలు పట్టు అని చెప్పే గుర్తు) విడివిడిగా ఫొటో తీయండి. ఫాల్ కుట్టకూడదు, పీకో చేయించకూడదు, సెంటు కొట్టకూడదు, లేబుల్ తీయకూడదు అని వాట్సాప్‌లో పెట్టి, "సరే, చీర అందింది" అని జవాబు రాయించుకోండి. జాకెట్టు ముక్క కత్తిరిస్తే చీర అమ్ముడైనట్టే లెక్క అని ముందే చెప్పండి.

గడువుకి రెండు మూడు రోజుల ముందు నేను ఇలా మెసేజ్ పెడతాను: "అమ్మా, శుక్రవారం చీరలు తిరిగి రావాలి కదా. మా అబ్బాయిని పంపనా, మీరే కొరియర్ చేస్తారా?" వీడియో సంగతి అందులో ఎత్తను. గడువు దాటితే మెసేజ్ మానేసి ఫోన్ చేస్తాను. ఎక్కువసార్లు అడ్డుపడేది దురుద్దేశం కాదు, ప్యాకింగ్ బద్ధకం. ఇచ్ఛాపురం మనకి ఎంత దూరమని! మనిషిని పంపితే చీర ఆ సాయంత్రానికే వచ్చేస్తుంది.

"రివ్యూ చేశాను కాబట్టి చీర నాదే" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లతో వాదన పెంచకుండా చలాను ఫొటో పంపండి. పన్ను సంగతి కూడా నెమ్మదిగా చెప్పండి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన 194ఆర్ నిబంధనపై (వ్యాపారంలో ఉచితంగా అందే వస్తువుల మీద పన్ను సంగతి) ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం, వీడియో కోసం తీసుకున్న వస్తువు తిరిగి ఇచ్చేస్తే అది లాభం కాదు, ఉంచేసుకుంటే లాభమే. ఒకరికి ఏడాదిలో ఇచ్చినవాటి విలువ 20,000 దాటితే ఇచ్చినవాళ్లు 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కట్టాల్సిన పన్ను) చూసుకోవాలి. టర్నోవరు కోటి దాటని సొంత షాపులకు ఆ టీడీఎస్ బాధ్యత లేదు, కానీ తీసుకున్నవాళ్ల వైపు లెక్క లెక్కే. ఉచితంగా వచ్చిన వస్తువైతే ఆ మాట వీడియోలో చెప్పాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. చీర బాగా నచ్చిందంటే ధర చెప్పి, బిల్లు వేసి అమ్మేయండి. అది అందరికీ మర్యాద.

ఏ జవాబూ రాకపోతే నోటీసు పంపాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. 1872 కాంట్రాక్టు చట్టం 160వ సెక్షన్ ప్రకారం గడువు తీరాక అడగకపోయినా వస్తువు తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత జరిగే నష్టానికి వాళ్లదే బాధ్యత అని 161 చెబుతుంది. ఈ రెండూ రాసి, చివరి తేదీ ఇవ్వండి. ఆ తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్తే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. పోలీసు ఫిర్యాదు ఆఖరి మెట్టు. ఆలస్యం ఒక్కటే నేరం కాదు. చీర అమ్మేసుకున్నారనో, తీసుకోలేదని బుకాయించారనో ఆధారం ఉంటే నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు.

ఒక్క పని మాత్రం చేయకండి. ఆ అమ్మాయి ఫొటో స్టేటస్‌లో పెట్టి దొంగ అనకండి. పరువు నష్టం కేసు మన మీద పడుతుంది, ఒక ఆడపిల్ల పేరు ఊరంతా నలుగుతుంది, చీర మాత్రం రాదు.

చీర వచ్చాక పార్సిల్ వీడియో తీస్తూ విప్పండి. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని జరీ, మడతలు, పిన్ను రంధ్రాలు చూడండి. మరక ఉంటే ఆ రోజే చెప్పండి, వారం తర్వాత చెబితే ఎవరూ ఒప్పుకోరు. అంతా బాగుంటే చలాను మీద "వాపసు అందింది" అని తేదీ వేసి, దాని ఫొటో వాళ్లకి పంపండి.