విమాన మరమ్మతు హ్యాంగర్: డిజైన్‌ను తలుపు నుంచి మొదలుపెట్టాలి

పెద్ద విమానాల హ్యాంగర్‌కు (విమానాలను నిలిపి మరమ్మతు చేసే షెడ్డుకు) డిజైన్ చేసేటప్పుడు పైకప్పు ఆకారం కన్నా ముందు తేల్చుకోవలసింది తలుపు కొలతలు. ఎయిర్‌బస్ ఎ380 అనే భారీ విమానం రెక్కల వెడల్పు దాదాపు 79.8 మీటర్లు, తోక ఎత్తు 24.1 మీటర్లు, ఇరుపక్కలా మనుషులూ పరికరాలూ తిరిగే చోటు కూడా కలుపుకుంటే, నడుమ ఒక్క స్తంభమూ లేని 90 మీటర్ల ద్వారం అవసరమవుతుంది. అంత ఎత్తు కావలసింది తోకకే కనుక, కప్పు మొత్తాన్ని లేపాలా, తోక ఉండే భాగాన్ని మాత్రమే లేపాలా అన్నదీ అప్పుడే నిర్ణయించుకోవాలి.

పైకప్పు ట్రస్సులకు (కడ్డీలను త్రికోణాలుగా కూర్చిన చట్రాలకు) ఒక కొన వెనకగోడ స్తంభాల మీద, రెండో కొన తలుపు పైనుండే గర్డర్ (పెద్ద దూలం) మీద ఆనుతుంది కాబట్టి, కప్పు బరువులో సుమారు సగం ఆ గర్డర్‌దే. అది విరగదని లెక్క తేలినంత మాత్రాన పని అయిపోదు. 90 మీటర్ల స్పాన్‌లో (ఆధారాల మధ్య దూరంలో) 360వ వంతు వంగినా 250 మిల్లీమీటర్ల కుంగుదల వస్తుంది. నేలమీది పట్టాలపై నడిచే తలుపుకు పైఅంచున ఉండే గైడ్ రోలర్ ఆ కదలికకు తట్టుకునేలా లేకపోతే, తలుపు బిగుసుకుపోతుంది లేదా గైడ్‌లోంచి ఊడివస్తుంది. సొంత బరువు వల్ల వచ్చే కుంగుదలను క్యాంబర్‌తో, అంటే గర్డర్‌ను ముందే కాస్త పైకి వంచి తయారుచేసి, సరిచేయవచ్చు గానీ, క్రేన్ వల్లా గాలి వల్లా వచ్చేదాన్ని, కిందికెంత, పైకెంత అని విడివిడిగా లెక్కగట్టి, తలుపు తయారీదారుకు ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి.

పైకి కూడా అనడానికి కారణం ఉంది. సెకనుకు 40 మీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 960 న్యూటన్ల ఒత్తిడి కలిగిస్తుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు లోపలికి దూరిన గాలి కప్పును పైకి తోస్తుంటే, బయటి గాలి దాన్ని పైకి లాగుతుంది. రెండూ కలిసి తేలికపాటి ఉక్కు కప్పు బరువును మించిపోగలవు. అప్పుడు ట్రస్ కింది కార్డ్ (అడుగు అంచు కడ్డీ) లాగుడుకు బదులు నొక్కుడుకు లోనవుతుంది కనుక, అది పక్కకు వంగిపోకుండా అడ్డు బ్రేసింగ్ (బిగింపు కడ్డీలు) ఇవ్వాలి. పునాదులను కూడా పైకి లేవకుండా డిజైన్ చేయాలి. తుఫానులో తలుపులు మూసే ఉంటాయన్న భరోసాతో ఈ లెక్కను వదిలేయడం నా దృష్టిలో క్షమించరానిది.

మూడు వైపులే గోడలుండి నాలుగో వైపు తెరిచి ఉండే ఈ కట్టడం, తలుపుకు సమాంతరంగా గాలి వీచినప్పుడు మెలితిరగబోతుంది. కప్పు తలంలో గట్టి బ్రేసింగ్ వేసి, ఆ బలాన్ని వెనకగోడకూ పక్కగోడలకూ చేర్చాలి.

ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే 90 మీటర్ల ఉక్కు సుమారు 43 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కు కొనలు ఆనే బేరింగ్‌లలో ఆ మేరకు వెసులుబాటు ఉంచాలి. నేల స్లాబ్‌కు చక్రాల బరువుతో పాటు, విమానాన్ని జాక్‌ల మీద లేపినప్పుడు చిన్న చోట పడే భారాన్నీ పరిశీలించాలి.

కప్పును నేల మీదే కూర్చి పైకి లేపే పద్ధతి ఎంచుకుంటే, లేపే బిందువుల దగ్గర కొన్ని కడ్డీల్లో బలాల దిశ తలకిందులవుతుంది కాబట్టి, డ్రాయింగులు ఫ్యాబ్రికేషన్‌కు (ఉక్కు భాగాల తయారీకి) వెళ్లకముందే ఆ దశకు వేరుగా విశ్లేషణ చేయాలి.