ముందు గేటు వేసి పెరటి తలుపు మరిచాం: రివర్స్ ప్రాక్సీ తిప్పలు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా సాఫ్ట్‌వేర్, స్టాకు లెక్కలు, కెమెరాలు మూడింటినీ ఒకే ఎన్‌జింక్స్ (బయటి నుంచి వచ్చే రిక్వెస్టులను ముందు తాను అందుకుని లోపలి సర్వీసులకు చేరవేసే రివర్స్ ప్రాక్సీ) వెనక్కి చేర్చాం. తోతాపురి సీజను. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి.

సమస్య: 502 బ్యాడ్ గేట్‌వే.
ఎన్‌జింక్స్ బతికే ఉంది, వెనకున్న సర్వీసే దానికి అందడం లేదు. కాన్ఫిగ్ కెలికే ముందు ఎర్రర్ లాగ్ చూడండి. మా లాగ్‌లో ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని ఉంది. సర్వర్ మీద కర్ల్ (పేజీని తెచ్చి చూపే కమాండ్) కొడితే మాత్రం పేజీ శుభ్రంగా వస్తోంది! గంటసేపు తల పట్టుకున్నాక తట్టింది: ఎన్‌జింక్స్ డాకర్‌లో (ప్రోగ్రాముల్ని ‘కంటైనర్’ అనే విడి డబ్బాల్లో నడిపేది) ఉంది, ప్రాక్సీ పాస్‌లో (వెనక సర్వీసు అడ్రసు చెప్పే లైను) 127.0.0.1 రాశాం. కంటైనర్ లోపల ఆ అడ్రసంటే ఆ కంటైనరే, సర్వర్ కాదు. ఎన్‌జింక్స్‌నూ వెనకున్న సర్వీసునూ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టి, అడ్రసు బదులు సర్వీసు పేరు రాశాం.

లాగ్‌లో ‘పర్మిషన్ డినైడ్’ కనిపిస్తే, రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లో ఎస్‌ఈలినక్స్‌ను (ప్రోగ్రాములు ఏం చేయొచ్చో కట్టడి చేసే భద్రతా వ్యవస్థ) అనుమానించండి. అందులో హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే చాలు. చాలామంది ఎస్‌ఈలినక్స్‌నే ఆపేస్తారు, ఆ పని చేయకండి.

సమస్య: స్టాకు పేజీ తిరిగిందే తిరుగుతోంది.
టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్‌లోని రహస్య తాళం) ఎన్‌జింక్స్ దగ్గరే విప్పేశాం కాబట్టి వెనక్కి వెళ్లేది ఉత్త హెచ్‌టీటీపీ. సాఫ్ట్‌వేరేమో మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌కు తోస్తోంది. అసలు రిక్వెస్టు హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చిందని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపి, దాన్ని నమ్మమని సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో చెప్పాలి.

సమస్య: లోడు ఫొటో ఎక్కదు, 413 (ఫైలు మరీ పెద్దది అనే ఎర్రర్).
ఎన్‌జింక్స్ మామూలు హద్దు 1 ఎంబీ. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ 10 ఎంబీకి పెంచాం.

సమస్య: ఎవరూ ఫిర్యాదు చేయనిది.
పాస్‌వర్డ్ ఎన్‌జింక్స్ దగ్గరే అడిగేలా పెట్టి, యూఎఫ్‌డబ్ల్యూలో (లినక్స్ ఫైర్‌వాల్) కాటా సాఫ్ట్‌వేర్ నేరుగా తెరుచుకునే 8080 పోర్టు మూసి, నిశ్చింతగా ఉన్నాం. కాటా దగ్గర కుర్రాడు ఫోను చూపిస్తూ, ‘పాత లింకే బాగుండాది సార్, పాస్‌వర్డు కూడా అడగదు’ అన్నాడు. గుండె జారింది. డాకర్ బయటికి తెరిచిన పోర్టులకు ఐపీటేబుల్స్‌లో (లినక్స్ నెట్‌వర్క్ రూల్స్ ఉండేచోటు) సొంత రూల్స్ రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ అడ్డు వాటికి తగలదు. ఎన్‌జింక్స్ ఇప్పుడు లోపలి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుతోంది కాబట్టి కంపోజ్ ఫైల్లో (డాకర్ కంటైనర్ల సెట్టింగ్స్ రాసే ఫైలు) ఆ పోర్ట్స్ లైనుతోనే పనిలేదు, తీసేశాం. రీస్టార్ట్ కొడితే మార్పు పట్టదు, మళ్లీ ‘అప్’ ఇవ్వాలి. పరీక్ష కూడా సర్వర్ మీద కాదు, వేరే మెషిన్ నుంచి చేయాలి.

మేం ఆ కుర్రాడి ఫోనులోనే పాత లింకు నొక్కించాం. తెరుచుకోలేదు. వాడి మొహం మాడిపోయింది.