ఇసకపల్లి మడల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకు

కావలిలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. శీతాకాలంలో వాళ్ళను నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇసకపల్లి వైపు మడ చెట్ల దగ్గరికి తీసుకెళ్తుంటాను. మీరూ వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. తుఫాను కబురు ఉంటే మాత్రం మానుకోండి.

నెలకన్నా ముఖ్యం గంట. పోటు మీదున్నప్పుడు వెళ్తే నీళ్ళూ, పైన ఆకులూ తప్ప ఏమీ కనబడవు. నీళ్ళు పాటుకు తీస్తున్నప్పుడు వెళ్ళాలి. అప్పుడే బురద బయటపడుతుంది, పురుగుల కోసం ఉల్లంకి పిట్టలు దిగుతాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు 6:30కి పూర్తిగా తీస్తే రేపు 7:20 ప్రాంతంలో తీస్తుంది. అందుకని పోయిన వారం టైం పట్టుకుని బస్సు మాట్లాడుకోవద్దు, ముందురోజు సాయంత్రం వేటకెళ్ళేవాళ్ళకు ఫోన్ చేసి అడగండి.

దారి చూపించడానికి చేత్తో ఎండ్రకాయలు పట్టే యానాది పెద్దల్ని పిలవండి. ఏ బొరియలో ఎండ్రకాయ ఉందో, ఎక్కడ బురద నడుము దాకా లాగుతుందో వాళ్ళకు తెలుసు. ఆ పూట వాళ్ళ వేట పోతుంది కాబట్టి డబ్బు ముందే మాట్లాడుకుని, అక్కడికక్కడే ఇచ్చేయండి. పిల్లలు వాళ్ళను 'అన్నా', 'అక్కా' అని పిలవాలి. వాళ్ళు చెబుతున్నప్పుడు మాస్టర్లం మనం మధ్యలో దూరకూడదు. రొయ్యల గుంటల గట్ల మీదుగా పోవాల్సి వస్తే గుంట వాళ్ళనూ అడగాలి.

హవాయి చెప్పుల్ని బురద పీకేస్తుంది. ఒట్టి కాళ్ళకేమో గుల్లలు కోసుకుంటాయి. బిగించి లేసు కట్టుకునే పాత బూట్లే మేలు. నీళ్ళు, టోపీ ఎలాగూ ఉండాలి.

అక్కడికి చేరాక నడక తగ్గించండి. ఒక్కచోట ఐదు నిమిషాలు అందరూ కదలకుండా నిలబడాలి. అడుగుల అదురుకు బొరియల్లోకి దూరిన చిన్న ఎండ్రకాయలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగవాటికి ఒక డెక్క ఒంటికి మించి పెద్దది, దాన్ని ఊపి ఆడవాటిని పిలుస్తాయి. పిల్లలకు ఇది చూపిస్తే చాలు, ఆ పూటంతా దాని గురించే మాట్లాడతారు. అవి తవ్వే బొరియల వల్లే బురద లోపలికి గాలి పోతుంది.

తర్వాత మడ చెట్టు. దాని చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు పాతినట్టు పైకి లేచినవి ఊపిరి వేళ్ళు. గాలి ఆడని బురదలో చెట్టు బతికేది వాటితోనే, కాబట్టి వాటి మధ్య కాలు పెట్టనివ్వద్దు. ఒక ఆకును తుంచకుండానే వేలితో రుద్ది, ఆ వేలిని నాలుక మీద పెట్టుకోమనండి. ఉప్పగా ఉంటుంది. చెట్టు వేళ్ళు కొంత ఉప్పును రానివ్వవు, లోపలికొచ్చిన దాన్ని ఆకు బయటికి వదులుతుంది. క్లాసులో బోర్డు మీద గంటసేపు చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

అయితే ఏ చెట్టో తెలిసేదాకా ఏ ఆకూ నోట్లో పెట్టనివ్వద్దు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. దాన్ని ముందుగా దూరం నుంచే చూపించేయండి.

రాజహంసలే (ఫ్లెమింగోలు) చూడాలంటే పులికాట్‌కు, గూడబాతుల గూళ్ళు కావాలంటే నేలపట్టుకు వెళ్ళాలి. 2022లో అవి తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరోళ్ళకు ఇంకా మనవే. ఆ ప్రయాణం వేరే రోజుకు పెట్టుకోండి, రెండూ ఒకే రోజు కలిపితే ఇక్కడ నిలబడే తీరిక ఉండదు.

నీళ్ళు మళ్ళీ ఎక్కడం మొదలైందని దారి చూపించే అన్న చెప్పగానే వెనక్కి తిరగాలి. 'ఇంకో ఫొటో సార్' అని పిల్లలు బతిమాలతారు, ఒప్పుకోవద్దు. గట్టెక్కాక తలలు లెక్కపెట్టి, తెచ్చిన బిస్కెట్ కవర్లన్నీ బస్సులోకి వచ్చాయో లేదో చూసుకుని బయల్దేరండి.