క్వారీ దుమ్ముతో దగ్గు పట్టిందా? ముందు ఈ కాగితాలు పోగెయ్యండి

సైదాపురం, గూడూరు వైపు తెల్లరాయి పనికో, మార్కాపురం వైపు పలకల పనికో ఏళ్ల తరబడి వెళ్లిన మనిషి మీ ఇంట్లో ఉండి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంటే ఇది మీకోసమే. తెల్లరాయంటే దాదాపు మొత్తం సిలికానే. పగలగొట్టినప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే మచ్చలు కడుతుంది, ఈ జబ్బునే సిలికోసిస్ అంటారు. పని మానేసిన పదేళ్లకు కూడా బయటపడొచ్చు, మందులతో పోదు. ఓనర్లకు కలిసొచ్చేది అదే. మనిషి మంచం పట్టేసరికి క్వారీ చేతులు మారిపోయి ఉంటుంది.

మొదటి పని డాక్టర్ దగ్గర. దగ్గు అనగానే టీబీ అనుకోవడం మామూలే. కళ్లె పరీక్షలో టీబీ లేదని వస్తున్నా దగ్గు తగ్గట్లేదంటే, ఎక్స్‌రేలన్నీ పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లి, "ఇన్నేళ్లు రాతి దుమ్ములో పనిచేశాడు సార్, సిలికోసిస్సేమో చూడండి" అని మీరే చెప్పండి. చేసిన పనేంటో ఓపీ చీటీ మీద రాయించుకోండి, అడక్కపోతే రాయరు. టీబీ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ కూడా తేలిగ్గా వస్తుంది.

ఇక అసలు పని, పరిహారం అడగడానికి ఆధారాలు పోగెయ్యడం. మనిషి మాట్లాడగలిగినప్పుడే పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏ క్వారీ, లీజు ఎవరి పేరు మీద, కూలి చేతికిచ్చిన మేస్త్రీ ఎవరు, డ్రిల్లింగా, రాయి కొట్టడమా, క్రషర్ దగ్గరా, నీళ్లు చల్లేవాళ్లా, మూతికి తువ్వాలు తప్ప ఇంకేమన్నా ఇచ్చారా. ఏళ్లు గుర్తుండవు. "సునామీ వచ్చినప్పుడు ఎక్కడ చేస్తున్నావు నాన్నా" అంటే 2004 దొరుకుతుంది, పెద్దమ్మాయి పెళ్లి అంటే ఇంకో ఏడు. మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పేరు ఉండకపోవచ్చు, అందుకే పీఎఫ్ నంబరు, గేటు పాసు, బ్యాంకులో పడిన కూలి, పనిచోట దిగిన ఫొటో, ఏదున్నా దాచండి. కలిసి పనిచేసిన ఇద్దరి చేత అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం) రాయించండి, వాళ్లూ దగ్గుతూనే ఉంటారు, ఆలస్యం చేస్తే సాక్షులు మిగలరు. గనుల్లో పనిచేసేవాళ్లకు ఐదేళ్లకోసారి యాజమాన్యమే వైద్య పరీక్ష చేయించాలని 1955 నాటి మైన్స్ రూల్స్‌లో ఉంది. ఆ రిపోర్టు కాపీ ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. జవాబు రాకపోయినా పోస్టు రసీదు పనికొస్తుంది.

లాయర్ ఫీజుకి భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక విపత్తు బాధితులకు, ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్లకు లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి. పరిహారం కేసుకి గడువుంటుంది కాబట్టి డాక్టర్ సిలికోసిస్ అని రాసిన వారంలోనే కలవండి. ఇదంతా జరిగే పనేనా అంటారేమో, గుజరాత్‌లో రాతి పొడి ఫ్యాక్టరీల్లో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ గిరిజనుల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణానికి 3 లక్షలేంటని నాకూ మండుతుంది, కానీ అదీ ఊరికే రాలేదు, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చింది.

మనిషి పోతే, ఆస్పత్రి ఇచ్చే మరణ కారణం కాగితం అక్కడే చదివించుకోండి. "గుండె ఆగి" అని మాత్రమే రాసుంటే, కింద అసలు జబ్బు కూడా రాయమని డాక్టర్‌ని అడగండి. దినం ఖర్చులకని ఎవరైనా డబ్బు తెచ్చి స్టాంపు పేపర్ మీద వేలిముద్ర వేయమంటే, లాయర్‌కి చూపించకుండా వేయొద్దు.